మందు ఆమెకు, మాట ఆయనకు

రుమటాయిడ్ ఆర్థరైటిస్ జబ్బున్న స్త్రీ పెద్దాస్పత్రికి ఒంటరిగా రావడం అరుదు. భర్తో, కొడుకో, తమ్ముడో వెంట వస్తాడు. ఫైలు అతని చంకలో ఉంటుంది. డాక్టరు ఆమె వేళ్లు నొక్కి చూసి, "నొప్పి ఉందా అమ్మా?" అని ఆమెనే అడుగుతాడు. మందుల సంగతి వచ్చేసరికి మాత్రం కుర్చీ అటు తిరుగుతుంది. బయటికొచ్చాక అతను ఆమెకు చెప్పేది ఒక్క ముక్క: "ఇవి వేసుకోవాలట." ఏ మందు, ఎందుకు, ఎన్నాళ్లు, దానివల్ల ఒంట్లో ఏం జరగొచ్చు, ఏ లక్షణం కనబడితే గోలీ ఆపి పరిగెత్తాలి, ఇవేవీ ఆ "అట"లో ఉండవు. (ఆడ డాక్టర్లు ఇందుకు మినహాయింపేమీ కాదు. తెల్లకోటు తొడుక్కున్నాక చాలామందిది ఒకటే భాష.)

నేను మందులకు వ్యతిరేకంగా రాయడం లేదు. ఈ జబ్బుకు మంచి మందులున్నాయి, మొదట్లోనే పట్టుకుని సరిగా వాడితే వేళ్లు వంకర్లు పోకుండా ఆపగలుగుతున్నారు. నా తగాదా అల్లా ఆ మందులను స్త్రీల చేతికి ఇస్తున్న తీరుతోనే. ఆమెను పనిచేసే చేతులుగా చూస్తారు, లేదా కాపాడాల్సిన గర్భసంచిగా చూస్తారు. తెలుసుకునే హక్కున్న మనిషిగా చూడరు. పల్లెలో ఆర్.ఎం.పి. పొట్లం కట్టి ఇచ్చే గోలీకీ, నగరంలో కంప్యూటర్ అచ్చువేసి ఇచ్చే చీటీకీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

ముందు జబ్బు సంగతి. కీళ్లనొప్పులన్నిటినీ మనవాళ్లు 'వాతం' అనే ఒక్క మాటలో కట్టేస్తారు. పెద్దతనంలో మోకాలు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడికి దిగడం ఈ జబ్బు. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో జరిగి 1993లో అచ్చయిన ఒక సర్వే, పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి ఇది ఉందని లెక్కగట్టింది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. అదీ చాలామందికి 30 నుంచి 50 ఏళ్ల మధ్య, అంటే పిల్లలు, పొలం, పొయ్యి అన్నీ నెత్తిన ఉన్న రోజుల్లో. పొద్దున లేవగానే గంటసేపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు, చేతులు బిగుసుకుపోవడం దీని ముఖ్యలక్షణం. ఆ గంట ఎలాంటి గంటో గమనించండి. వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, టీ పెట్టి, పిల్లల డబ్బాలు కట్టాల్సిన గంట. వైద్య పుస్తకంలో ఉన్న ఈ లక్షణానికి అత్తగారింట్లో ఇంకో పేరుంది: బద్ధకం. డాక్టరు దాకా రావడానికి ముందు ఆమె ఎన్ని నెలలు ఆ పేరుతో బతికిందో కేసు షీటులో రాయడానికి గడి లేదు.

ఇక మందులు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే స్త్రీకి వెయ్యి బీడీల లెక్కన కూలి. వేళ్లు వాస్తే లెక్క తగ్గుతుంది, లెక్క తగ్గితే కూలి తగ్గుతుంది. నాట్లకూ, పత్తి ఏరడానికీ పోయేవాళ్లదీ ఇదే కథ. ఊళ్లో దొరికే గోలీ వేసుకుంటే మర్నాటికి చేతులాడతాయి. ఆ గోలీ చాలాసార్లు డెక్సామెథసోనో, బెటామెథసోనో, ప్రెడ్నిసొలోనో అయి ఉంటుంది. అంటే స్టెరాయిడ్. విడిగోలీలు కాగితంలో చుట్టి ఇస్తారు కాబట్టి పేరుండదు. 'పసరు మందు', 'మూలికల పొడి' అని అమ్మేవాటిలో కూడా స్టెరాయిడ్ కలిపిన సంగతి ఎన్నోసార్లు బయటపడింది.

స్టెరాయిడ్‌కు ఈ జబ్బుతో ఉన్న సంబంధం ఒక స్త్రీతోనే మొదలైంది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, ఈ జబ్బుతో కదల్లేని స్థితిలో ఉన్న 29 ఏళ్ల స్త్రీకి కార్టిసోన్ ఇంజెక్షన్లు ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి బజారుకెళ్లి వచ్చింది. 1950లో హెంచ్‌కూ, మరో ఇద్దరు శాస్త్రజ్ఞులకూ నోబెల్ బహుమతి వచ్చింది. ముఖం ఉబ్బడం, మందు ఆపగానే జబ్బు తిరగబెట్టడం అప్పటికే డాక్టర్లకు కనబడుతున్నాయి. ఇవాళ్టి లెక్కలో దీని దుష్ప్రభావాలు షుగరు, బీపీ, కంటి శుక్లాలు, తేలిగ్గా సోకే జబ్బులు, గుల్లబారే ఎముకలు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు, ఎందుకంటే ఒంట్లో సహజంగా ఆ పదార్థాన్ని తయారుచేసే గ్రంథి అప్పటికి పనిమానేసి ఉంటుంది. డెబ్భై ఏళ్లకు పైగా వైద్యలోకానికి తెలిసిన ఈ సంగతి, గోలీ మింగుతున్న ఆమెకు మాత్రం ఇంకా చేరలేదు.

ఆర్.ఎం.పి.ని తిట్టడం తేలిక. పెద్ద డాక్టర్లు సభల్లో చేసే పని అదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ జబ్బును గుర్తుపట్టే మనిషి లేనప్పుడు, హైదరాబాదు నిమ్స్ దాకా పోయి రావడానికి రెండు రోజుల కూలి, బస్సు చార్జీలు, తోడొచ్చే మగమనిషి కూలి కూడా పోయేటప్పుడు, ఆమె ఊళ్లో గోలీనే నమ్ముకోవడం తెలివితక్కువతనం కాదు. అది లెక్క. మనం అడగాల్సింది ఆ లెక్క అలా ఎందుకు తేలుతోందని.

స్టెరాయిడ్ ఎముకల మీద చూపే దెబ్బ మన రాష్ట్రాల్లో ఇంకా గట్టిగా తగులుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అవసరం లేని ఈ ఆపరేషన్ల గురించి మహిళాసంఘాలు ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నాయో పాఠకులకు తెలుసు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లాగిపోయిన స్త్రీ ఒంట్లో ఎముకలు పలచబడడం మొదలవుతుంది. ఆ మనిషికే కీళ్లవాతం వస్తే, ఆ మనిషే ఏళ్లతరబడి స్టెరాయిడ్ మింగితే ఏమవుతుంది? ఆమె గర్భసంచి తీసినవారు ఒకరు, గోలీ ఇచ్చినవారు ఇంకొకరు, విరిగిన తుంటి ఎముకకు ఆపరేషన్ చేసేవారు మరొకరు. ముగ్గురికీ ఆమె మూడు వేర్వేరు అవయవాలు. ఈ మూడింటినీ కలిపి చూడగలిగింది ఆమె ఒక్కతే, ఆమెకేమో ఎవరూ ఏమీ చెప్పరు.

పెద్దాస్పత్రిలో రాసే అసలు మందు మెథోట్రెక్సేట్. దీని మూలం మనకు దగ్గరిదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన డైరెక్టరుగా ఉండగా, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు తయారుచేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చిన ఫలితాలు అచ్చయ్యాయి. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి కీళ్లవాతానికి వాడడానికి అమెరికా ప్రభుత్వం 1988లో అనుమతించింది. ఇవాళ ప్రపంచమంతటా ఈ జబ్బుకు మొదటి మందు ఇదే, ధర కూడా తక్కువ. సుబ్బారావు గారి పేరు చెప్పుకుని మనం ఛాతీ విరుచుకుంటాం. ఆ మందు స్ట్రిప్ మీద మాత్రం తెలుగు అక్షరం కనబడదు.

'వారానికి ఒక్కసారి' అన్న మాట దగ్గర ఆగుదాం, ఎందుకంటే ఇందులో ప్రాణమే ఉంది. ఆమె వేసుకునే మిగతా మందులన్నీ రోజువారీవి. బీపీది రోజూ, షుగరుది రోజూ. ఇదొక్కటే వారానికోసారి. దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ వేరే రోజుల్లో వేసుకోవాలి. చాలాసార్లు రెండూ చిన్న పసుప్పచ్చ గోలీలే. పొరపాటున మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, ఎముకమజ్జలో రక్తకణాల తయారీ కుంటుపడుతుంది, మనిషి చనిపోవచ్చు. చదువూ, నర్సులూ, ఫార్మసిస్టులూ పుష్కలంగా ఉన్న ఇంగ్లండులోనే ఈ మందు పొరపాట్లవల్ల పదేళ్లలో 25 మంది చనిపోయారని అక్కడి రోగి భద్రతా సంస్థ 2004లో లెక్క చెప్పింది. 2019లో యూరప్ మందుల సంస్థ, 'వారానికి ఒక్కసారే' అనే హెచ్చరిక పెట్టె మీద స్పష్టంగా వేయాలనీ, రోగికి గుర్తింపు కార్డు ఇవ్వాలనీ సిఫారసు చేసింది. మన మందులషాపులో పది గోలీల స్ట్రిప్‌ను కత్తెరతో నాలుగు ముక్కగా కోసి ఇస్తారు. మందు పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో. పెట్టెలోని కాగితం షాపులోనే ఉండిపోతుంది. మనదేశంలో ఈ పొరపాటువల్ల ఎందరు పోయారో ఏ లెక్కలో వెతకాలి?

రక్తపరీక్షల సంగతీ అంతే. మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూడాలి. అవి ఎందుకో చెప్పకపోతే ఆమె కళ్లకు అవి డబ్బులు గుంజే పనిగానే కనబడతాయి, ముందు మానేసేవి అవే. పైగా ఈ మందు పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ సంగతి తెలియని మనిషి నెలరోజులు చూసి, వికారంతో విసిగి, మళ్లీ ఊళ్లో గోలీకే పోతుంది. అప్పుడామెకు ఆస్పత్రిలో 'మాట వినని పేషెంటు' అని ముద్ర.

ఇక గర్భం. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే ఈ మందులు కడుపులో పిండాన్ని దెబ్బతీస్తాయని కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. 1952 నాటికే అమినోప్టెరిన్‌ను గర్భస్రావానికి వాడి చూశారు. మెథోట్రెక్సేట్‌ను గర్భం దాల్చడానికి ఒకటి నుంచి మూడు నెలల ముందే ఆపాలి. లెఫ్లునొమైడ్ అనే మరో మందు ఆపేశాక కూడా రెండేళ్ల దాకా ఒంట్లో మిగలవచ్చు, త్వరగా పోగొట్టాలంటే వేరే మందు వాడాలి. మరి ఇది వాడే యువతిని "పిల్లలు కావాలనుకుంటున్నావా? గర్భం రాకుండా ఏం జాగ్రత్త తీసుకుంటున్నావు?" అని అడిగేవారెందరు? పెళ్లికాని పిల్లయితే ఆ ప్రశ్నే తప్పు, మర్యాద అడ్డొస్తుంది. పెళ్లయినదైతే ఆ ప్రశ్న భర్తకు పోతుంది, లేదా అత్తగారికి. సంబంధాలు చూస్తున్నప్పుడు జబ్బు దాచడానికి తల్లిదండ్రులే మందు మాన్పిస్తారు, పెళ్లయ్యాక ఆమె దొంగచాటుగా వేసుకుంటుంది, ఈలోగా నెల తప్పుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ గర్భంతో ఉన్నప్పుడు కూడా వాడవచ్చని, అంటే ఆమెకు ఇంకో దారి ఉందని, చెప్పి ఉంటే ఈ దాగుడుమూతలు ఎందుకు?

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో, మత్తులో ఉన్న 44 ఏళ్ల స్త్రీ గర్భసంచి, అండాశయాలు ఆమె తల్లి అనుమతితో తీసేయడం చెల్లదని తీర్పిచ్చింది. తెలివితో ఉన్న వయోజన స్త్రీ ఒంటి విషయంలో ఆమె అనుమతే అనుమతి. తల్లికే లేని అధికారం, ఫైలు పట్టుకొచ్చిన తమ్ముడికి ఎక్కడిది? ఆపరేషన్‌కు సంతకం కావాలి కాబట్టి కోర్టుదాకా పోయింది. ఏళ్లతరబడి మింగే మందుకు సంతకమే అడగరు.

దీనికి డాక్టర్లిచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు: "అన్నీ చెబితే భయపడి మానేస్తారు మేడమ్." చెప్పకపోయినా మానేస్తున్నారు కదా! చెబితే కొందరు మానేస్తారేమో, ఒప్పుకుంటాను. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం గురించి స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు నిలదీసి, దుష్ప్రభావాలన్నీ అక్కడికొచ్చిన స్త్రీలకు వివరంగా చెప్పించినప్పుడు చాలామంది వద్దని వెళ్లిపోయారు. ఆ తర్వాతే విషయం సుప్రీంకోర్టుకు పోయింది. ఆ స్త్రీలు అజ్ఞానంతో వెళ్లలేదు, తెలుసుకుని వెళ్లారు. మెథోట్రెక్సేట్ నెట్-ఎన్ లాంటిది కాదు. జబ్బున్న మనిషికి దీనివల్ల మేలే ఎక్కువ. అలాంటప్పుడు నిజం చెప్పడానికి భయమెందుకు?

మరో ముచ్చట చెప్పి ముగిస్తాను. 2020లో కరోనాకు హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందని ఊదరగొట్టినప్పుడు, కీళ్లవాతానికీ లూపస్‌కూ ఏళ్లుగా దాన్ని వాడుతున్న స్త్రీలకు షాపుల్లో ఆ మందు దొరకలేదు. దేశాలకు ఎగుమతి చేసిన వార్త మొదటి పేజీలో వచ్చింది. వీళ్ల వార్త ఏ పేజీలోనూ వెతకాల్సిందే.

కాబట్టి సంఘాలు అడగాల్సినవి పెద్ద గొంతెమ్మ కోరికలేం కావు. మెథోట్రెక్సేట్ పెట్టె మీద, స్ట్రిప్‌లో ప్రతి గోలీ వెనకాలా 'వారానికి ఒక్కసారే' అని తెలుగులో ఉండాలి. చీటీ మీద 'సోమవారం' అనో 'గురువారం' అనో వారం పేరు రాయాలి. ఆమెతో అయిదు నిమిషాలు విడిగా మాట్లాడకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు. ఆస్పత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల చుట్టూ అల్లిన ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు, నెలనెలా మందులకూ రక్తపరీక్షలకూ కూడా డబ్బు కట్టాలి. మందు వికటిస్తే రోగులు స్వయంగా ప్రభుత్వానికి తెలియజేయడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నెంబరుంది. అది ప్రతి ఆరోగ్య కేంద్రం గోడమీదా ఉండాలి.

ఇవన్నీ వచ్చేదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది. ఈసారి సంఘం మీటింగుకు వచ్చే స్త్రీలను తాము వేసుకునే గోలీలన్నీ, పొట్లాల్లోవి కూడా, సంచిలో వేసుకుని రమ్మనండి. స్ట్రిప్‌లున్నవాటి పేర్లు చదివించండి, వారానికోసారి వేయాల్సింది ఎవరైనా రోజూ వేస్తున్నారేమో కనుక్కోండి, పేరులేని గోలీలు విడిగా పెట్టించండి. నెలల తరబడి వాడుతున్న పేరులేని గోలీని మాత్రం అక్కడికక్కడ మాన్పించకండి. ఆమెతో పాటు మనలో ఒకరు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఫైలు ఆమె చేతిలోనే ఉండాలి.