పిల్లల వీరులు, పెద్దల బాధ్యత

పండితులు మెచ్చిన గ్రంథములను ఒక జాతి భద్రపరచుకొనుటలో వింత లేదు. తన పిల్లలు మెచ్చినవానిని సైతము వరుస తప్పక, తునకలు పోక దాచుకొన్నపుడే ఆ జాతికి తన జీవితముపై నిజమైన గౌరవము కలదని చెప్పవలెను. ఈ విషయమున జపానువారు మనకు గురుస్థానమున నున్నారు. 1960, 70 దశకములలో వారు టెలివిజను కొరకు నిర్మించిన వీరగాథలు, అనగా మేడలను మించి పెరిగి భూతములతో పోరాడు అల్ట్రామ్యాన్, మిడుత మొగము తొడిగి మోటారు సైకిలుపై వచ్చు కమెన్ రైడర్, బాలుని ఆనకు లోబడి ఆకాశమున కెగురు జెయింట్ రోబో మొదలగునవి, నేడు మొదటి భాగము మొదలుకొని తుది భాగము వరకు డిస్కులపై, వివరణ పుస్తకములతో సహా, ఒక్కొక్క పెట్టెగా లభించుచున్నవి. మందమర్రి బొగ్గుబాయిల నడుమ పెరిగిన నావంటివారు ఆ వీరులలో ఒకనినైనను చూచి పెరిగినవారే. అయినను మేము చూచిన రూపమున, మన పిల్లలు విన్న తెలుగు మాటలతో, ఆ గాథలు అంగడిలో గాని గ్రంథాలయములో గాని దొరకుట లేదు. ఈ లోటు చిన్నది కాదనియు, దీనిని తీర్చుట మన చేతిలోని పనియే అనియు నా దృఢమైన అభిప్రాయము.

1980 దశకపు ఉత్తరార్ధమున దూరదర్శన్ ప్రసారము చేసిన ‘జెయింట్ రోబో’ను స్మరింపని ఆనాటి బాలుడు సింగరేణి కాలనీలలో అరుదు. మిత్సుతెరు యొకొయామా చిత్రకథ ననుసరించి తోయీ సంస్థవారు 1967 అక్టోబరు మొదలు 1968 ఏప్రిలు వరకు జపానులో 26 భాగములుగా నడిపిన ఈ గాథ, 1969లో అమెరికాలో ఇంగ్లీషు మాటలు తొడుగుకొని, అక్కడి నుండి దేశదేశములు తిరిగి మన యింటికి వచ్చినది. కంపెనీ క్వార్టర్ల వరుసలో ఏదో ఒక యింట టెలివిజను ఉండుటయు, ఆ వరుసలోని పిల్లలందరు ఆ గుమ్మము ముందు చేరుటయు ఆ దినములలో ఎల్లెడల కలదు. తెరపై మాటలాడు భాష మాలో అనేకులకు రాదు. అయినను చేతి గడియారమును నోటి కడకు తెచ్చుకొని ఆ బాలుడు ఆజ్ఞ యిచ్చుటయు, ఆ లోహమూర్తి కదలి లేచుటయు చూచినంతనే కథ బోధపడెడిది.

ఆ గాథ ముగింపును ఇచ్చట వివరింపక తీరదు. శత్రువైన గిలటిన్ చక్రవర్తి దేహము సర్వము అణుశక్తిమయము. వానిపై గుండు పేల్చినచో భూమియే భస్మమగును. ఎవరికిని దారి తోచక నిలిచియున్న ఆ సమయమున, అంతవరకు బాలుని ఆజ్ఞ మీరి యెరుగని రోబో, తనంత తానుగా కదలి, ఆ దుర్మార్గుని రెండు చేతుల ఒడిసి పట్టుకొని అంతరిక్షమున కెగసిపోవును. వెనుకకు రమ్మని బాలుడు గడియారములోనికి కేకలు వేయుచుండును; రోబో వినదు. ఒక ఉల్కను ఢీకొని శత్రువుతో కూడ తానును నశించును. తండ్రి క్యాపు ల్యాంపు పెట్టుకొని రాత్రి షిఫ్టుకు బాయిలోనికి దిగగా, తెల్లవారి సైరను కూసి, ఆయన అడుగుల చప్పుడు వాకిట వినబడువరకు తల్లి కన్ను మూయని యిండ్లలో పెరిగిన పిల్లలకు, ఇతరుల కొరకు తిరిగిరాని చోటికి పోవుట యెట్టిదో వేరుగ చెప్పవలసిన పని లేదు. ఆ సాయంకాలము మా వరుసలో ఏడ్వని పిల్లవాడు లేడు.

ఈ గాథలకును గని కార్మికుల బ్రదుకునకును గల సంబంధము మేము కల్పించుకొన్నది కాదు. జపాను చలనచిత్రములలో ఇంద్రజాలము వంటి దృశ్యములను సృష్టించి, 1954లో ‘గొడ్జిల్లా’కు ప్రాణము పోసిన ఎయిజి త్సుబురాయా, 1956లో దర్శకుడు ఇషిరో హోండాతో కలిసి ‘రొదాన్’ అను చిత్రమునకు పనిచేసెను. ఆ కథ క్యూషూ ద్వీపమందలి బొగ్గుగనిలో మొదలగును. గనిలోనికి నీరు చొచ్చును, కార్మికులు మరణింతురు, జాడ తెలియని ఒక తోటి కార్మికునిపై హత్యానింద పడును. తుదకు వెల్లడియగున దేమనగా, ఆ నిర్దోషి యింటివారు సిగ్గుతో తలవంచుకొనియుండగా, నిజమైన హంతకి గని లోతులలో మేల్కొన్న ఒక మహాకీటకము. 1966 జనవరిలో త్సుబురాయా సంస్థవారు టెలివిజనులో ఆరంభించిన ‘అల్ట్రా క్యూ’ మొదటి భాగములో సైతము, సొరంగము త్రవ్వు పనివారి యెదుటనే గోమెస్ అను భూతము బయల్పడును. ఆ భూతమునకు తొడిగినది పూర్వపు గొడ్జిల్లా వేషమునే మార్చి కుట్టినది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఈ.పి. గనిలో నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించిన వార్తను విన్న మన ప్రాంతమువారికి, భూగర్భమును త్రవ్వువాని భయమును ఆ జపాను కళాకారుడు ఎంత సత్యముగ పట్టుకొనెనో తెలియగలదు.

ఇక వారు ఈ సంపదను కాపాడుకొన్న విధము పరిశీలింపదగియున్నది. తొలినాళ్లలో వీడియో టేపు మిక్కిలి ఖరీదైన వస్తువగుటచే, ఒకసారి ప్రసారము చేసిన కార్యక్రమమును చెరిపి, అదే టేపుపై మరియొకటి యెక్కించు ఆచారము లోకమంతట నుండెను. జపాను జాతీయ ప్రసారసంస్థ యెన్.హెచ్.కె. 1963లో మహావైభవముతో ప్రసారము చేసిన ‘హనా నొ షోగాయ్’ అను చారిత్రక నాటకములో నేడు మొదటి భాగము మాత్రమే మిగిలియున్నది. పెద్దల కొరకు పేరుమోసిన నటులతో తీసిన ఆ నాటకము పోయినది. పిల్లల కొరకు తీసిన భూతముల కథలు నిలిచినవి. కారణ మేమనగా, ఈ వీరగాథలను టేపుపై గాక ఫిలిముపై చిత్రించిరి. ఆ మూలప్రతులను పారవేయక దాచిరి. ‘అల్ట్రా క్యూ’ను 35 మిల్లీమీటర్ల ఫిలిముపై తీసియుండుటచే, అర్ధశతాబ్ది గడచిన పిదప 2019లో జపానులో 4కె డిస్కులుగా వెలువరింప గలిగిరి.

సంపుటమునకు ప్రాణము సమగ్రత. ‘కమెన్ రైడర్’ 1971 ఏప్రిలు 3న ఆరంభమై 98 భాగములు నడచినది. చిత్రీకరణారంభములోనే కథానాయకుడు హిరోషి ఫుజియోకా మోటారు సైకిలు ప్రమాదమున కాలు విరుగగొట్టుకొనెను. కొన్ని భాగములను పూర్వము తీసిన దృశ్యములతో, వేరొకరి గొంతుతో నెట్టుకొని వచ్చి, 14వ భాగము నుండి రెండవ రైడరును ప్రవేశపెట్టిరి. తెగిపడిన ముక్కలుగా అచ్చటచ్చట చూచువానికి ఈ మార్పు వట్టి గందరగోళముగ తోచును. వరుసగా చూచువానికో, నాయకుడు మంచము పట్టగా ఒక పనివారి బృందము చేయి జారవిడువక కథను నిలబెట్టుకొన్న తీరు కన్నులకు కట్టును. అట్లే 1967 నాటి ‘అల్ట్రా సెవెన్’ సంపుటములలో పదునొకండవ భాగము తరువాత పదుమూడవదే వచ్చును. పండ్రెండవ భాగములోని గ్రహాంతరవాసిని ఒక బాలల పత్రిక అణుబాంబు బాధితులను స్ఫురింపజేయు పేరుతో పేర్కొనగా, 1970లో ఆ బాధితుల పక్షమున నిరసన లేచినది. నాడు ఉపసంహరించిన ఆ భాగమును నిర్మాతలు నేటివరకు మరల వెలువరింపలేదు. ఉన్నదానిని వరుసలో నుంచుట, లేనిదానికి లేని కారణము లోకమునకు తెలిసియుండుట, ఈ రెండును కలిసిననే సంగ్రహము చరిత్ర యగును.

హక్కుల చిక్కులు వారికిని లేకపోలేదు. 1974లో మన ఆంజనేయస్వామియు అల్ట్రా వీరులును కలిసి పోరాడు చిత్రమొకటి థాయిలాండు దేశమున నిర్మింపబడినది. ఆ థాయి నిర్మాతకు 1976లో వ్రాసియిచ్చినట్లు చెప్పబడిన ఒక పత్రమును పట్టుకొని, జపాను వెలుపలి హక్కులకై దశాబ్దములపాటు వ్యాజ్యములు నడచినవి. ఆ పత్రము అసలైనది కాదని అమెరికా న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పిన తరువాతి సంవత్సరముననే, అంతకుముందు విడివిడిగా వచ్చుచుండిన అల్ట్రా గాథలు మొదటినుండి వరుసగా అమెరికాలో బ్లూరే సంపుటములై వెలువడసాగినవి. హవాయి ద్వీపముల ఉదాహరణము మనకు మరింత దగ్గరగ నున్నది. అచ్చట 1974లో ‘కికైదా’ అను జపాను వీరగాథ పిల్లలను ఉర్రూతలూగించినది. నాడు దానిని ప్రసారము చేసిన కేంద్రమును నడిపిన జోఆన్ నినోమియా తరువాత స్థాపించిన సంస్థయే, ఆ పిల్లలు పెరిగి పెద్దవారైన పిదప, ఇంగ్లీషు ఉపశీర్షికలతో ఆ గాథను డిస్కులుగా వారి చేతి కందించినది. ప్రసారము చేసినవారే తమ ప్రేక్షకులకు ఋణము తీర్చుకొనుట ఎంత మెచ్చదగిన పని!

ఇట్టి కార్యములు మహానగరములకే సాధ్యమనువారికి సుకగావా పట్టణము సమాధానము చెప్పును. ఫుకుషిమా ప్రాంతములోని ఆ చిన్న పట్టణము త్సుబురాయా జన్మస్థలము. 2013లో వారు అల్ట్రామ్యాన్ స్వస్థలముగ కథలో చెప్పబడిన ఎం78 నక్షత్రలోకముతో సోదరనగర సంబంధమును ప్రకటించుకొనిరి; 2019లో త్సుబురాయా పేర ప్రదర్శనశాలను, 2020 నవంబరులో ఈ చిత్రములకు వాడిన నమూనా మేడలను, వాహనములను, సామగ్రిని భద్రపరచు నిలయమును తెరచిరి. వాడి పారవేయవలసిన అట్ట మేడలను, చెక్క విమానములను అద్దాల వెనుక నిలిపిన పురప్రజలను చూచి నేర్వవలసినది ఎంతయో కలదు.

రబ్బరు వేషముల కథలకు ఇంత పాటు అవసరమా యని కొందరు పెద్దలు అడుగుదురు. వేమన పద్యములు పండితుల ఆదరమునకు నోచుకొనని కాలమున, చార్లెస్ ఫిలిప్ బ్రౌను వానిని సేకరించి 1829లో అచ్చు వేయించెను. నాడు ఆయన పండితుల మెప్పు కొరకు కాచుకొని యుండినచో నేడు మనకు దక్కునది యెంత? ఏది నిలువదగినదో నిర్ణయించు అధికారము రాబోవు తరములది. దానిని వారి కందించు పని మాత్రము మనది. ఇంటర్నెట్టులో అన్నియు ఉన్నవిగదా యని మరికొందరందురు. అచ్చట ఉన్నది నేడుండి రేపు పోవును; ఒప్పందము ముగిసిన మరునాడు, డబ్బు కట్టి చూచువానికి చెప్పకయే గాథ మాయమగును. గ్రంథాలయపు బీరువాలోని డిస్కు అట్లు పోదు. చందా కట్టలేని కార్మికుని బిడ్డకును అది అందుబాటులో నుండును.

మన భాషకు సంబంధించిన నష్టము ఇంకను తీవ్రమైనది. 2004 డిసెంబరులో డిస్నీ, టూన్ డిస్నీ ఛానెళ్లు మన దేశమున ఆరంభమైనపుడు తెలుగు మాటలతో కూడ వినిపించినవి. జపాను ‘సూపర్ సెంటాయ్’ గాథల పోరాట దృశ్యములను అమెరికా నటులతో జోడించి 1993లో పుట్టించిన ‘పవర్ రేంజర్స్’ మన పిల్లల యింట తెలుగు మాటలాడినది ఆ మార్గముననే. ఆ గొంతులెవరివో, ఆ సంభాషణల నెవరు వ్రాసిరో నేడెందరికి తెలియును? పరభాషా గాథను మన పలుకుబడిలోనికి తెచ్చుట సాహిత్యసేవయే. ఆ సేవకు గుర్తుగా ఒక్క సంపుటమైనను మనకు లేకుండుట న్యాయము కాదు.

కనుక చేయవలసిన పనులు స్పష్టముగ నున్నవి. ప్రసార భారతివారు తమ భాండారమును వెదకి, 1980 దశకమున ప్రసారము చేసిన బాలల గాథలలో ఏవి మిగిలియున్నవో, ఏవి లేవో తెలుపు పట్టికను మొదట ప్రకటింపవలెను; హక్కుదారులతో మాటలాడి, మిగిలినవానిని నాటి రూపముననే డిస్కులుగ వెలువరింపవలెను. తెలుగు అనువాదములు చేయించిన ఛానెళ్లవారు ఆ ధ్వని ప్రతులను, గొంతునిచ్చినవారి పేర్లతో సహా, ఒక ప్రజాసంస్థకు అప్పగింపవలెను. సింగరేణి యాజమాన్యము, జిల్లా గ్రంథాలయ సంస్థ తలచుకొన్నచో మందమర్రి, బెల్లంపల్లి, రామకృష్ణాపురము వంటి చోట్ల క్లబ్బులలో, పాఠశాలలలో ఈ సంపుటములకు ఒక బీరువా, చూచుటకు ఒక గది యేర్పరచుట భారమైన పని కాదు. బాయి సెలవుదినమున తండ్రి బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తన చిన్ననాటి వీరుని చూపింపగలుగుట ఆ కుటుంబమునకు దక్కవలసిన హక్కు.

పాఠకులకు తుది విన్నపము. ఆ దినములలో టెలివిజను నుండి కార్యక్రమములను క్యాసెట్లపై ఎక్కించుకొన్న యిండ్లు బొగ్గుబాయి ఊళ్లలో కొన్ని యైనను ఉండకపోవు. వి.సి.ఆర్. యంత్రములను చిరకాలము తయారుచేసిన జపాను ఫునాయ్ సంస్థ 2016 జూలైలోనే ఆ పనిని మానివేసినది. ఉన్న యంత్రములు ఒక్కొక్కటిగ మూలపడుచున్నవి. టేపు బూజు పట్టుచున్నది. మీ బీరువాల మీద, అటకలపై పడియున్న క్యాసెట్లను పాత సామానువానికి వేయకుడు. వానిపై ఏమున్నదో చూచి, పేరును సంవత్సరమును వ్రాసి, ఆడు యంత్రము దొరకినంతలోనే కొత్త ప్రతి తీయించి, ఒకటి మీ యింట ఉంచుకొని, మరియొకటి మీ యూరి గ్రంథాలయమున కిండు.