పిల్లలతో పాటు ఒక ఉత్తరం

సెలవులు యివ్వగానే పిల్లలను అమ్మమ్మగారింటికో, తాతగారింటికో పంపడం మన యిళ్ళలో ఆనవాయితీ. బట్టలు సర్దుతాం, జంతికలు కట్టి యిస్తాం, "అల్లరి చేయకండి" అని బుద్ధులు చెబుతాం. అక్కడ జబ్బు చేస్తే డాక్టరుకు ఏమేం తెలియాలో రాసి పంపేవారు మాత్రం అరుదు.

ఒక ఉదాహరణ చూడండి. పదేళ్ళ కుర్రవాడికి రాత్రివేళ పొత్తికడుపులో కుడివైపు విపరీతమైన నొప్పి వచ్చింది. అపెండిసైటిస్ అని తేలింది. "పెన్సిలిన్ పడుతుందా? యిదివరకు మత్తుమందు యిచ్చారా? ఫిట్స్ వున్నాయా? రోజూ ఏమైనా మందులు వాడుతున్నాడా?" అని డాక్టరు అడుగుతాడు. అమ్మమ్మగారు ఏం చెప్పగలరు? తల్లిదండ్రులు రైల్లో వున్నారు, ఫోను అందడం లేదు. అనుమతి పత్రం మీద ఎవరు సంతకం పెట్టాలన్నది మరో చిక్కు.

18 ఏళ్ళు నిండనివారికి ఆపరేషను చేయాలంటే తల్లిదండ్రులో, సంరక్షకులో సంతకం చేయాలి. అయితే ప్రాణాపాయం వున్నప్పుడు సంతకం కోసం చికిత్స ఆపకూడదు. ప్రాణం కాపాడడం ప్రభుత్వ, ప్రయివేటు డాక్టర్లందరి విధి అని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పింది. కనుక కాగితం లేదని ఆస్పత్రికి వెళ్ళడానికి వెనుకాడకండి. కాస్త వ్యవధి వున్న చికిత్సల్లో ఆలస్యం జరగకుండా వుండడానికే ఈ ఉత్తరం.

అందులో ఈ వివరాలు వుండాలి:

1. పిల్లల పూర్తి పేరు, పుట్టిన తేదీ, బరువు. పిల్లలకు మందు మోతాదు చాలావరకు బరువును బట్టే నిర్ణయిస్తారు.

2. పడని మందులు, పడని ఆహారం. ఉబ్బసం, ఫిట్స్, గుండెజబ్బు వంటివి వుంటే వాటి పేర్లు, వాడే మందులు, మోతాదు.

3. తల్లిదండ్రులిద్దరి ఫోను నెంబర్లు, అవి అందకపోతే పిలవవలసిన మరొకరి నెంబరు.

4. "మా బిడ్డను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు వీరి వద్ద వుంచుతున్నాము. మేము అందుబాటులో లేనప్పుడు అవసరమైన చికిత్సకు వీరు అనుమతి యివ్వవచ్చును" అన్న వాక్యం, యిద్దరి సంతకాలు.

వేరే రాష్ట్రానికి పంపుతుంటే ఇంగ్లీషులో కూడా రాయండి. ఈ ఉత్తరం వున్నా ఆస్పత్రివారు మీతో ఫోనులో మాట్లాడాలని కోరవచ్చు. అది సబబే.

ఉత్తరానికి టీకాల కార్డు నకలు జతచేయండి. కుక్క కరిచిందనుకోండి. యిదివరకే రేబిస్ టీకాలు పూర్తిగా వేయించుకున్నట్టు కార్డులో వుంటే, సాధారణంగా ఈసారి రెండు మోతాదులతో సరిపోతుంది. కార్డు లేకపోతే మొత్తం మొదటినుంచి వేయవలసి రావచ్చు. జనన ధృవపత్రం, ఆధార్, వైద్య బీమా కార్డుల నకళ్ళు కూడా పెట్టండి.

తల్లి గాని తండ్రి గాని ఒక్కరే పిల్లలను తీసుకుని విదేశానికి వెళ్తుంటే, రెండవవారు నోటరీ ముందు సంతకం చేసిన అనుమతి పత్రాన్ని కొన్ని దేశాల అధికారులు అడుగుతారు. ఎల్లో ఫీవర్ వున్న ఆఫ్రికా దేశాలకు వెళ్ళేవారు ఆ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించాలి. టీకా వేసిన పదో రోజు నుంచే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది.

బరువు, మందులు మారుతుంటాయి కనుక ఏటా ఉత్తరం కొత్తగా రాయండి. పెట్టె అడుగున పడేయక, దాన్ని పెద్దల చేతికిచ్చి ఒకసారి చదివి వినిపించండి.