తప్పు కౌంటీది, శిక్ష బడికి

అమెరికాలోని మేరీలాండ్‌లో బడుల ఖర్చును రాష్ట్ర ప్రభుత్వమూ, జిల్లాల వంటి కౌంటీల ప్రభుత్వాలూ పంచుకుంటాయి. అయితే 23 కౌంటీలకూ బాల్టిమోర్ నగరానికీ కలిపి ఉన్న 24 పాఠశాల బోర్డులలో దేనికీ పన్ను వేసే అధికారం లేదు గనుక, బడిని నడిపే బాధ్యత బోర్డుదీ, డబ్బు మంజూరు చేసే అధికారం కౌంటీ కౌన్సిల్‌దీ అయింది. తెలుగు రాష్ట్రాలలో బడి జిల్లా పరిషత్ పేరుతో నడిచినా ఉపాధ్యాయుల జీతం రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది. మేరీలాండ్‌లో మాత్రం కౌంటీ తన ఆస్తి పన్ను, ఆదాయపు పన్ను రాబడిలో పెద్ద భాగాన్ని బడికే ఇవ్వవలసి ఉంటుంది.

రాష్ట్రం గ్రాంటు పెంచిన ఏడాది కౌంటీ తన వాటాను తగ్గించుకుని మిగుల్చుకోకుండా చూడడానికి అక్కడ ‘మెయింటెనెన్స్ ఆఫ్ ఎఫర్ట్’ అనే నియమం ఉంది. ఒక్కో విద్యార్థికి నిరుడు ఎంత ఇచ్చిందో ఈ ఏడాది అంతకు తగ్గకుండా కౌంటీ ఇవ్వాలనీ, ఇవ్వలేని కౌంటీ ముందుగానే రాష్ట్ర విద్యా మండలి నుంచి మినహాయింపు పొందాలనీ, లేకుంటే రాష్ట్ర సాయంలో ఆ ఏడాది రావలసిన పెరుగుదల దక్కదనీ ఆ నియమం చెప్పేది. మాట తప్పినది కౌంటీ కౌన్సిలే అయినా, ఆగిపోయే గ్రాంటు చేరవలసినది పాఠశాల బోర్డుకు కాబట్టి, స్థానిక కేటాయింపు తగ్గి అప్పటికే నష్టపోయిన బడే రాష్ట్ర సాయాన్నీ కోల్పోయేది. ఆ తరువాత జరిగిన పద్దుల మార్పులన్నింటికీ మూలం చట్టంలోని ఈ లోపమే.

2008 నాటి ఆర్థిక మాంద్యంలో రాబడి పడిపోయినప్పుడు, వాషింగ్టన్‌ను ఆనుకుని ఉన్న సంపన్నమైన మాంట్‌గోమరీ కౌంటీ కూడా 2009లో మినహాయింపు కోరింది. విద్యా మండలి నిరాకరించింది. అప్పుడు కౌంటీ అనుసరించిన మార్గాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. బడి భవనాల కోసం కౌంటీ బాండ్లు జారీ చేసి అప్పు తెస్తుంది. ఆ అప్పు వాయిదాలను అంతవరకూ కౌంటీయే తన సొంత పద్దు నుంచి చెల్లిస్తూ వచ్చింది. ఆ ఏడాది 7.95 కోట్ల డాలర్ల వాయిదాలను పాఠశాల బోర్డు కేటాయింపులో చేర్చి, ఆ మొత్తాన్ని బోర్డు ద్వారానే అప్పుకు కట్టించే ఏర్పాటు చేశారు. కాగితం మీద తలసరి కేటాయింపు నిరుటి స్థాయిని అందుకుంది గానీ, ఒక్క తరగతి గదికీ ఒక్క డాలరు అదనంగా చేరలేదు. ఈ మొత్తాన్ని కౌంటీ వాటాగా లెక్కించడానికి వీలులేదని రాష్ట్ర అటార్నీ జనరల్ అభిప్రాయం చెప్పడంతో కౌంటీ దాదాపు 2.3 కోట్ల డాలర్ల జరిమానాను ఎదుర్కొంది. 2010లో శాసనసభ దానిని మాఫీ చేసింది. ఆ మాఫీ పిల్లల దృష్ట్యా న్యాయమే అయినప్పటికీ, చట్టం మాటకు విలువ లేదన్న సంకేతం కూడా దానితోపాటే వెళ్ళింది.

ఆ సంకేతాన్ని కౌంటీలు బాగానే అర్థం చేసుకున్నాయి. మినహాయింపు లేకుండా తక్కువ ఇచ్చిన కౌంటీకి ఆ తక్కువ మొత్తమే మరుసటి ఏటి కొలమానంగా మారేది గనుక, రాష్ట్ర సాయం పెద్దగా పెరగని ఏడాదిలో నియమాన్ని ఉల్లంఘించడమే లాభసాటి అయింది. 2012 ఆర్థిక సంవత్సరంలో ఏడు కౌంటీలు నిర్ణీత స్థాయికి తగ్గి ఇచ్చాయి. దానితో 2012లో శాసనసభ చట్టాన్ని సవరించింది: మేరీలాండ్‌లో కౌంటీల ఆదాయపు పన్నును రాష్ట్రమే వసూలు చేసి పంచుతుంది కాబట్టి, వాటా ఎగవేసిన కౌంటీకి వెళ్ళవలసిన పన్ను సొమ్ములోంచి లోటును మినహాయించి నేరుగా పాఠశాల బోర్డుకు జమ చేస్తారు. శిక్ష తప్పు చేసిన వారి మీదికి మళ్ళింది. ఈ మార్పు చాలా ఏళ్ళు ముందే జరిగి ఉండవలసింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఒక మంచి ఏడాది కౌంటీ ఉదారంగా ఇచ్చిన ప్రతి డాలరూ మరుసటి ఏటి నుంచి తప్పనిసరి బాకీ అయిపోతుంది; కనీస మొత్తమే గరిష్ఠ మొత్తంగా మారడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కరలేదు. పైగా, ఒక్కసారి అయ్యే ఖర్చును రాష్ట్రం అనుమతితో కొలమానం నుంచి తప్పించవచ్చు కనుక, కౌంటీలు అదనపు సొమ్మును ఆ పేరుతో ఇవ్వడానికి మొగ్గుచూపుతాయి. ఇది చట్టబద్ధమే కావచ్చు. కానీ ఒక్కసారికే వచ్చే సొమ్ముతో ఏ బోర్డూ ధైర్యంగా ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించలేదు.

రాష్ట్రం మాత్రం తన చేతులను ఇంత గట్టిగా కట్టుకోలేదు. ఉపాధ్యాయుల పెన్షన్‌కు అంతవరకూ తాను భరిస్తున్న ఖర్చులో ఒక భాగాన్ని అదే 2012లో దశలవారీగా కౌంటీల మీదికి నెట్టింది. జీవన వ్యయం ఎక్కువగా ఉన్న కౌంటీల బడులకు ఇచ్చే ప్రత్యేక గ్రాంటు అప్పట్లో తప్పనిసరి కానందున, 2015లో గవర్నర్ లారీ హోగన్ దానిలో సగమే ఇచ్చారు. కౌంటీ ఇలా చేస్తే ఉల్లంఘన అవుతుంది, రాష్ట్రం చేస్తే బడ్జెట్ నిర్వహణ అవుతుంది. ఈ తేడా సమర్థనీయం కాదు.

భారతదేశంలో ‘సమగ్ర శిక్ష’ అనే పాఠశాల విద్యా పథకానికి చాలా రాష్ట్రాలలో 60:40 నిష్పత్తిలో కేంద్రం, రాష్ట్రం నిధులు సమకూర్చే ఏర్పాటులోనూ ఇదే ఒత్తిడి కనిపిస్తుంది. అక్కడా రాష్ట్ర వాటా జమ కాకపోతే తరువాతి కేంద్ర వాయిదా ఆగుతుంది, ఆ ఆలస్యం చివరకు బడి దగ్గరే తేలుతుంది. కేంద్రం 2021లో ప్రతి పథకానికీ ఒకే నోడల్ ఖాతా ఉండాలన్న పద్ధతి తెచ్చినందువల్ల డబ్బు జాడ తెలుసుకోవడం సులువైంది గానీ, ఇవ్వనివారి తప్పుకు బడి నష్టపోవడం మాత్రం ఆగలేదు.

పద్దులు మార్చడానికి బదులు ప్రజల ముందే పన్ను పెంపు అడిగిన ఉదాహరణ మేరీలాండ్‌లోనే ఉంది. 1978లో ప్రిన్స్ జార్జ్స్ కౌంటీ ఓటర్లు విధించిన ఆస్తి పన్ను పరిమితిని బడి కోసం దాటడానికి 2012 సవరణ వీలు కల్పించగా, ఆ కౌంటీ అధినేత రషర్న్ బేకర్ 2015లో దాదాపు 15 శాతం పెంపును బహిరంగంగా ప్రతిపాదించారు. కౌన్సిల్ దానిని బాగా తగ్గించి, ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 4 సెంట్ల పెంపును ఆమోదించింది. అడిగినంత రాకపోయినా, బడికి ఎంత కావాలో, ఎంత ఇచ్చారో, ఎవరు ఇవ్వనన్నారో ఆ కౌంటీ పన్ను చెల్లింపుదారులకు తెలిసింది.