ల్యాప్‌టాప్ తెరకి ఎన్ని చుక్కలు కావాలి?

మా వాడు బాపట్లలో ఇంజనీరింగ్ మూడో ఏడుకి వచ్చాడు. రెండేళ్లూ వాళ్ల నాన్న వాడి పక్కన పెట్టేసిన పాత ల్యాప్‌టాప్‌తోనే నెట్టుకొచ్చాడు. సంక్రాంతి సెలవులకి తెనాలి వచ్చినప్పుడు మెల్లగా బయటపెట్టాడు, గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని. మావారు పేపర్లోంచి తలెత్తకుండానే "ఆటలకి లక్ష రూపాయలా?" అన్నారు. అంతే, కనుమ దాకా తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఇద్దరికీ గారెలు వడ్డించేది మాత్రం నేనే.

డబ్బు నా దగ్గరుంది. చీటీ పాడి ఎత్తింది. వంటింటి మరమ్మతుకని దాచుకున్నాను. అందుకని ఈ విషయంలో నాకూ ఒక మాట ఉంటుందని ఇద్దరికీ చెప్పాను. "నీకేం తెలుసమ్మా ఇందులో" అన్నాడు మా వాడు. అన్నది ప్రేమగానే. అయినా గుచ్చుకుంది.

కోర్సు కోసమే అంటాడు. సగం నిజం, సగం ఆట అని నాకు తెలుసు. ఆడుకుంటే తప్పేమిటి? హాస్టల్లో ఉండే పిల్లాడు సాయంత్రం గంటసేపు తెర ముందు కూర్చుంటే చదువు మునిగిపోతుందనే భయం నాకు లేదు. నా గొడవల్లా ఆ తెర గురించే. వాడు అడిగింది 2560 బై 1600 తెర. మామూలు తెరతో వచ్చే అదే మోడల్‌కీ దీనికీ తేడా పద్దెనిమిది వేలు. ఆ తేడాతో మా వంటింటి గట్టుకి గ్రానైట్ వస్తుంది.

ఆ వారమే రేపల్లె అక్క వాళ్లింటికి వెళ్లాను. అక్క కొడుకు అంతకుముందు ఏడాదే కొన్నాడు. రొయ్యల చెరువు బాగా పండిందని ఆ ఊపులో బావగారు షాపులో ఉన్నవాటిలో పెద్ద తెర, 4కె తెర కొనిచ్చారు. అందులో సినిమా చూస్తే నిజంగా అద్భుతం. కానీ ఆట పెట్టి చూపించమంటే వాడు ముఖం తిప్పుకున్నాడు. బలవంతాన పెట్టించాను. మనుషులు ఆగి ఆగి కదులుతున్నారు, ఫ్యాను రైసుమిల్లులా మోగుతోంది. "తెర పెద్దది పిన్నీ, లోపలున్న గ్రాఫిక్స్ చిన్నది" అన్నాడు. నాలుగు జీబీ మెమరీ ఉన్న కార్డట. "నాన్నకి చెప్పకు" అని కూడా అన్నాడు. అక్కకీ చెప్పలేదు.

తిరుగు రైల్లో భట్టిప్రోలు దాటేదాకా ఆలోచిస్తే నాకర్థమైంది, ఇది మన చుక్కల ముగ్గు లెక్కే. తెరంతా చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080. హెచ్చవేస్తే 20,73,600 చుక్కలు. 4కె అంటే 3840 బై 2160, అంటే 82,94,400. సరిగ్గా నాలుగింతలు. చుక్కలు పెట్టేస్తే సరిపోదు, ముగ్గు వెయ్యాలి కదా. ఆ వేసే చెయ్యే గ్రాఫిక్స్ కార్డు. సినిమా అయితే ఎవరో ముందే వేసిపెట్టిన ముగ్గు, పరిచి చూపిస్తే చాలు. ఆట అలా కాదు. పిల్లాడు బొమ్మని ఎటు తిప్పితే అటు అప్పటికప్పుడు కొత్త ముగ్గు వెయ్యాలి, అదీ సెకనుకి అరవై సార్లు. అంటే ఫుల్ హెచ్‌డీలోనే సెకనుకి పన్నెండు కోట్ల పైచిలుకు చుక్కలు, 4కెలో యాభై కోట్లకి దగ్గర. ఒక్క చెయ్యి ఎన్నని వేస్తుంది?

మా వాడు అడిగిన తెరకి 40,96,000 చుక్కలు. దాని తమ్ముడు 1920 బై 1200 తెరకి 23,04,000. మొదటిదానికి రెండోదానికన్నా ముప్పావు వంతుకి పైగా పని ఎక్కువ. బరువైతే ఆటని తక్కువ చుక్కల్లో పెట్టుకుంటానన్నాడు మా వాడు. అక్కడా ఒక మెలిక ఉంది. 4కె తెర మీద ఫుల్ హెచ్‌డీ ఆట పెడితే ఒక్కో చుక్కకీ నాలుగు చుక్కలు లెక్కగా సరిపోతాయి. 1920 చుక్కల వరసని 2560లో సర్దాలంటే ఒకటికి ఒకటిన్నర కూడా రాదు, ఒకటీ మూడోవంతు. పక్క చుక్కతో కలిపి పులమాల్సిందే. బొమ్మ మసకేస్తుంది. బొమ్మని చిన్నగా వేసి తెలివిగా పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ లాంటి పద్ధతులు ఈ మసకని బాగానే తగ్గిస్తాయట గానీ, అవి అన్ని ఆటల్లోనూ ఉండవు.

తెనాలిలో ముగ్గురం షాపుకెళ్లాం. షాపతను మావారితోనూ మా వాడితోనూ మాట్లాడుతున్నాడు. నా చేతిలో సంచీ, అందులో డబ్బు, నా వంక చూడడే! సరే, నేనే అడిగాను. ఈ గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లు? ఆర్‌టీఎక్స్ 4050 అని పేరు ఒకటే అయినా ఒక ల్యాప్‌టాప్‌లో 35 వాట్లతో, ఇంకోదాంట్లో 115 వాట్లతో నడవచ్చు. పేరు చూసి కొంటే మోసపోతాం. కొత్త తరం కార్డులకీ ఇదే తీరు. అతను బాక్సు తిప్పి చూసుకుని, ఫోన్ చేసి కనుక్కుని చెప్పాడు. అప్పటినుంచీ నాతోనే మాట్లాడాడు, కుర్చీ కూడా వేయించాడు.

రెండో ప్రశ్న రంగుల గురించి. రెండు ల్యాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టించి ఒకే పట్టుచీర బొమ్మ తెరిపించాను. రెండూ ఫుల్ హెచ్‌డీనే. ఒకదాంట్లో కుంకుమ ఎరుపు కుంకుమలాగే ఉంది, రెండోదాంట్లో ఇటుకపొడిలా ఉంది. చవక తెరల మీద 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది, మంచివాటి మీద 100 శాతం ఎస్ఆర్‌జీబీ అని. వెలుగు కూడా 250 నిట్సా, 300 పైనా అని చూడాలి. పగటిపూట కిటికీ పక్కన కూర్చుంటే ఆ తేడా బాగా తెలుస్తుంది. చుక్కలెన్నో బోర్డు మీద పెద్దక్షరాల్లో రాస్తారు గానీ ఇవి అడిగితే గానీ చెప్పరు.

మా వాడి వైపు కూడా ఒక న్యాయం ఉంది, అది ఒప్పుకోవాలి. అక్షరాలు. ఇంగ్లీషు అక్షరం ఎన్ని చుక్కల్లో అయినా ఇమిడిపోతుంది. మన 'రాష్ట్రం'లో ష కింద టకారం, దానికి క్రారవడి, ఇవన్నీ చిన్న సైజులో చూస్తే తక్కువ చుక్కల తెర మీద ఒకదాంతో ఒకటి అంటుకుపోతాయి. ఎక్కువ చుక్కల తెర మీద తెలుగు పేజీ తెరిస్తే, అచ్చుపుస్తకం చదువుతున్నట్టే ఉంది. తెలుగు బీఏ చదివినదాన్ని, అక్కడ కాసేపు మనసు లాగింది. రోజంతా చదువుకోవడానికో, రాసుకోవడానికో కొనేవాళ్లయితే ఎక్కువ చుక్కల తెరే కొనండి. ఆటల కార్డుకి పోసే డబ్బు తెరకి పొయ్యండి. రెండూ కావాలంటే పైన ఇంకో యాభై వేలు ఉండాలి. మా దగ్గర లేదు. ఉన్నా పెట్టనిచ్చేదాన్ని కాదు.

చివరికి పదహారు అంగుళాల 1920 బై 1200 తెర తీసుకున్నాం. రంగులు పూర్తిగా ఉన్నది, 144 హెర్ట్జ్‌ది. మిగిలిన పద్దెనిమిది వేలలో కొంత పెట్టి ర్యామ్ 16 జీబీ చేయించాం. మావారు బిల్లు చూసి, "ఆటల మిషనేగా" అన్నారు గానీ, ఇంటికొచ్చాక కారు రేసు పెట్టించుకుని అరగంట లేవలేదు. మా వాడు మాత్రం రెండు వారాలు ముభావంగానే ఉన్నాడు. "ఫ్రెండ్స్ అందరిదీ 2కె అమ్మా" అని ఫోన్‌లో ఒకసారి అన్నాడు. నాకు కష్టంగానే అనిపించింది. వాడి గదిలో ఆ తెర పక్కన ఈ తెర ఎలా కనబడుతుందో నేను చూడలేదుగా.

నిన్న ఇంటికొచ్చాడు. ఇది ఆ ల్యాప్‌టాప్ మీదే టైపు చేస్తున్నాను. అక్షరాల సైజు 125 నుంచి 150కి పెంచుకుంటే 'రాష్ట్రం' బాగానే కనబడుతోంది. మా వాడు వెనక నిలబడి "అయిందా అమ్మా?" అని ఇప్పటికి మూడోసారి అడుగుతున్నాడు, ఫ్రెండ్స్ ఆటలోకి రమ్మని పిలుస్తున్నారట. గ్రానైట్ ఈ ఏడాదికి లేనట్టే.