అంకెలు మోగించే పలక



ఈ నెల మనకు వెంకటగిరికోట నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది ఆరవ తరగతి చదివే అమ్మాయి. "మా నాయన గంగమ్మ జాతరలలో పలక వాయిస్తాడు. ఈ మధ్య ఒక పెళ్ళిలో పలక లేకుండానే పెట్టెలో నుంచి పలక మోత వచ్చింది. మీట నొక్కితే చాలునట! చర్మం లేదు, పుల్ల లేదు, మరి మోత ఎట్లా వచ్చింది? ఇక మా నాయనకు పని ఉండదా?" అని అడిగింది.

ఇందులో రెండు ప్రశ్నలు ఉన్నవి. మొదటిది శాస్త్రానికి సంబంధించినది. రెండవది ఒక ఇంటి బతుకుకు సంబంధించినది. మొదటిది తెలిస్తే గాని రెండవదానికి సరైన జవాబు దొరకదు. కనుక ముందు మోత సంగతి చూద్దాం.

పలకను కొన్ని చోట్ల డప్పు అంటారు, కొన్ని చోట్ల తప్పెట అంటారు. వెంకటగిరికోట మూడు భాషలు కలిసే చోటు. అక్కడి నుంచి కాస్త దూరం పోతే తమిళులు దీని వంటి వాయిద్యాన్నే పరై అంటారు, కన్నడిగులు తమటె అంటారు. పేరు ఏదైనా చేసే తీరు ఒక్కటే: గుండ్రని చట్రం, దాని మీద బిగించిన తోలు. ఒక చేతిలో సన్నని పొడుగాటి పుల్ల, మరొక చేతిలో పొట్టి కర్ర.

జాతర మొదలయ్యే ముందు గడ్డి మంట వేసి పలకలను కాచడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎందుకు కాస్తారు? తోలు గాలిలోని తేమను పీల్చుకుని సాగుతుంది. సాగిన తోలు "దబ్ దబ్" మంటుంది తప్ప ఖంగున మోగదు. మంట సెగకు తేమ పోయి తోలు బిగుసుకుంటుంది. బిగువు పెరిగితే తోలు త్వరత్వరగా ఊగుతుంది, ధ్వని స్థాయి పెరుగుతుంది. దీనికి ఒక లెక్క కూడా ఉన్నది. బిగువు నాలుగింతలైతే ఊపుల వేగం రెండింతలు అవుతుంది. ఈ లెక్కను పుస్తకాలలో చదవకపోయినా, పలక వాయించేవారు వేలితో తట్టి, చెవితో విని, "ఇంకొంచెం కాగాలి" అని కచ్చితంగా చెప్పగలరు.

తోలు ఒకే తీరున ఊగదు. మొత్తం ఒక్కసారిగా పైకీ కిందికీ ఊగడం ఒక తీరు. సగం పైకి లేస్తే సగం కిందికి దిగడం మరొక తీరు. ఇట్లా ఎన్నో తీరులు ఒకేసారి జరుగుతాయి. మొదటి తీరు సెకనుకు 100 సార్లు ఊగితే, తరువాతివి సుమారు 159, 214, 230 సార్లు ఊగుతాయి. వీటిలో ఏదీ 200, 300 వలె చక్కగా కుదరదు. అందుకే మామూలు తోలు వాయిద్యంలో తీగ వాయిద్యంలో పలికినట్టు స్పష్టమైన స్వరం పలకదు. మరి మృదంగంలో ఎట్లా పలుకుతుంది? దాని నడుమ పూసే నల్లని ముద్ద ఊపులను చక్కని వరసలోకి తెస్తుంది. ఈ సంగతిని 1920లో లోకానికి చాటినవారు సర్ సి. వి. రామన్, ఆయనతో పనిచేసిన శివకాళీ కుమార్. విశాఖపట్నంలో బడి చదువు చదివిన ఆ రామన్‌గారే తరువాత 1930లో నోబెల్ బహుమానం అందుకున్నారు. 1934లో ఆయన మన దేశపు తోలు వాయిద్యాల మీద మరొక పెద్ద వ్యాసం ప్రచురించారు.

ఇక పెట్టెలో నుంచి మోత రప్పించడానికి రెండు దారులు ఉన్నవి.

మొదటిది తేలిక దారి. నిజమైన పలక మీద కొట్టిన దెబ్బను రికార్డు చేసి దాచుకుని, మీట నొక్కినప్పుడల్లా వినిపించడం. ఇందులో ఒక లోపం ఉన్నది. చేయి తిరిగినవాడు వంద దెబ్బలు కొడితే ఏ రెండూ అచ్చంగా ఒకటిగా ఉండవు. దాచుకున్న దెబ్బ మాత్రం వందసార్లూ ఒక్కటే. కాసేపు వినేసరికి చెవికి మొహం మొత్తుతుంది.

రెండవ దారిలో దాచిన ధ్వని అంటూ ఏదీ లేదు. కంప్యూటరుకు మోతను ఇవ్వరు, తోలు ఎట్లా కదులుతుందో ఆ సూత్రాన్ని ఇస్తారు. కంప్యూటరు అంకెలతో ఒక తోలును అల్లుకుని, దాని మీద తానే దెబ్బ కొట్టి, ఊపులను లెక్కకడుతుంది. ఆ లెక్కలోంచే మోత పుడుతుంది.

ఇదేదో పెద్దల లెక్క అనుకోకండి. పెన్సిలూ, గళ్ళ కాగితమూ తీసుకోండి. ఇప్పుడే మనం ఒక చిన్న తోలును ఆడిద్దాం.

నిలువున 5, అడ్డంగా 5 గడులు గీయండి. ఇదే మన తోలు. గడిలోని అంకె ఆ చోట తోలు ఎంత ఎత్తు లేచిందో చెబుతుంది. చుట్టూ ఉన్నది చట్రం, అది కదలదు కనుక అక్కడ ఎప్పుడూ 0 అనుకోండి. దెబ్బకు ముందు అన్ని గడులలోనూ 0. ఇప్పుడు నడుమ ఒక దెబ్బ కొడదాం.

మొదటి పటం:
0 0 0 0 0
0 0 0 0 0
0 0 16 0 0
0 0 0 0 0
0 0 0 0 0

ఇక సూత్రం వినండి. ఒక గడికి పైన, కింద, కుడి, ఎడమ ఉన్న నాలుగు అంకెలనూ కూడండి. అందులో సగం తీసుకోండి. దానిలో నుంచి, అదే గడిలో అంతకు ముందరి పటంలో ఉన్న అంకెను తీసివేయండి. వచ్చినదే తరువాతి పటంలో ఆ గడి అంకె.

రెండవ పటం:
0 0 0 0 0
0 0 8 0 0
0 8 0 8 0
0 0 8 0 0
0 0 0 0 0

మూడవ పటం:
0 0 4 0 0
0 8 0 8 0
4 0 0 0 4
0 8 0 8 0
0 0 4 0 0

చూశారా! చెరువులో రాయి వేస్తే అల చుట్టూ పాకినట్టు, అంకెలు అంచుకు పాకుతున్నవి. ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుంది? తోలులో ప్రతి చోటునూ ఇరుగుపొరుగు తమ వైపు లాగుతుంటాయి. అయినా కదిలే వస్తువు వెంటనే ఆగదు. ఊయల నడిమికి వచ్చినా ఆగక అవతలికి పోయినట్టు, తోలు కూడా దాటిపోతుంది. ఇరుగుపొరుగు లాగడం కూడికలో ఉన్నది, దాటిపోవడం తీసివేతలో ఉన్నది. నాలుగవ పటం మీరే వేయండి. నడిమి గడికి ఆనుకుని నాలుగు 2లు వస్తే మీ లెక్క సరే.

నిజమైన తోలు ఊగుతూ ఊగుతూ అలసి ఆగుతుంది. అందుకోసం ప్రతి పటంలోనూ అంకెలను ఒక్క పిసరు తగ్గిస్తూ పోతారు. ఏదో ఒక గడిని ఎంచుకుని, అందులో వరసగా వచ్చే అంకెల ప్రకారం లౌడుస్పీకరు పొరను ముందుకూ వెనుకకూ ఆడిస్తే చెవికి మోత వినబడుతుంది. సంగీతపు సీడీలలో సెకనుకు 44,100 అంకెలు ఉంటాయి. మన పటాలు కూడా సెకనుకు అన్ని కావాలి. నిలువున 30, అడ్డంగా 30 గడులు పెడితే 900 గడులు. అంటే ఒక్క సెకను మోతకు దాదాపు 4 కోట్ల సార్లు ఈ చిన్న లెక్క చేయాలి. మనిషికి ఒక జన్మ చాలదు. నేటి కంప్యూటరుకు ఇది చిటికెలో పని.

ఈ దారి ఒక్కనాడు ఏర్పడినది కాదు. 1971లో హిల్లర్, రూయిజ్ అనే ఇద్దరు తీగ ఊపులను కంప్యూటరుతో లెక్కకట్టి స్వరాలు పుట్టించారు. 1993లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాన్ డైన్, స్మిత్ అనేవారు తీగ లెక్కను వల లాగా పరిచి తోలుకు వర్తింపజేశారు. మనం గళ్ళ కాగితం మీద ఆడిన ఆట అదే. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో స్టెఫాన్ బిల్బావో అనే ఆయన ఇటువంటి లెక్కలన్నిటినీ 2009లో ఒక గ్రంథంగా వెలువరించారు.

ఈ పద్ధతిలో ఒక గొప్పతనం ఉన్నది. నడుమ కొడితే గంభీరంగా, అంచున కొడితే గలగలమని మోత తనంతట తానే మారుతుంది. గట్టిగా కొడితే తోలు క్షణకాలం ఎక్కువ బిగిసి, స్థాయి కొంచెం పైన మొదలై కిందికి జారుతుంది. ఆ జారుడును కూడా లెక్కలో చేర్చవచ్చును.

అయితే లెక్కకు తనంతట తాను తెలియనివి చాలా ఉన్నవి. ఈ తోలు మందం ఎంత? ఎంతసేపు కాచాలి? పుల్ల ఎంత బరువు? అంచుకు ఎన్ని వేళ్ళ ఇవతల కొట్టాలి? ఏ వేలితో నొక్కి మోతను ఆపాలి? ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పాలి. తప్పు అంకె ఇస్తే ఆ పెట్టె రేకుడబ్బా మోత మోగుతుంది, పలక మోత మోగదు. సరైన అంకెలు ఎక్కడ దొరుకుతాయి? పలక పట్టిన చేతులలో, దానికి అలవాటుపడిన చెవులలో దొరుకుతాయి.

ఇప్పుడు రెండవ ప్రశ్న. అమ్మాయీ, నీకు తీపి అబద్ధం చెప్పడం మాకు ఇష్టం లేదు. పెట్టె చౌక అని కొన్ని పెళ్ళిళ్ళలో దానితోనే సరిపెట్టుకుంటారు. ఆ మేరకు మీ నాయనగారి సంపాదన తగ్గవచ్చును. కాని అమ్మవారు కదిలే వేళకు మోత ఎప్పుడు హెచ్చాలో, జనం అలసినప్పుడు ఎప్పుడు తగ్గాలో పెట్టెకు తెలియదు. అది జనాన్ని చూడదు, మీ నాయనగారు చూస్తారు.

మరొక మాట పెద్దలు కూడా వినాలి. జాతరకు పలక కావాలి గాని, పలక వాయించేవాడు మా పక్కన కూర్చోరాదు అని మన ఊళ్ళు చాలాకాలం అన్నాయి. ఇది తప్పు. ఏ మోతను లెక్కకట్టడానికి విశ్వవిద్యాలయాల పండితులు ఏళ్ళ తరబడి శ్రమపడుతున్నారో, ఆ మోత గుట్టు తెలిసినవాడు విద్వాంసుడే. అతనికి తగిన కూలి, తగిన మర్యాద రెండూ ఇవ్వాలి.

అమ్మాయీ, నీవు ఒక పని చెయ్యి. ఒక నోటుపుస్తకం తీసుకో. మీ నాయనను అడిగి దెబ్బల పేర్లు, తోలు ఎంపిక, కాచే పద్ధతి, ఏ వేళకు ఏ వరస వాయిస్తారు అన్నీ రాసిపెట్టు. రేపు నీవే పెద్దదానివై కంప్యూటరుకు పలక నేర్పితే, ఆ పుస్తకంలోని మాటలే నీకు అంకెలు అవుతాయి.

మిగిలిన పిల్లలకు ఒక లెక్క: ఐదవ పటంలో నడిమి గడిలో ఎంత వస్తుంది? వేసి చూసిన తరువాతే కింది జవాబు చదవండి.

జవాబు: 4.