చిత్తూరు ఎవరికీ అంచు కాదు

చిత్తూరు మనిషి విజయవాడలో నోరు విప్పితే "మీది అరవ తెలుగు" అని నవ్వుతారు. అదే మనిషి చెన్నైలో తమిళం మాట్లాడితే "గొల్టి" అని నవ్వుతారు. ఆ రెండు నవ్వుల వెనకా ఉన్న నమ్మకం ఒకటే. తెలుగుదనం కృష్ణా గోదావరుల నడుమ పుట్టి, దక్షిణానికి వచ్చేకొద్దీ పలచబడి, మా దగ్గర కల్తీ అయిపోయిందని ఒకరి లెక్క. తమిళదనం కావేరి ఒడ్డున పుట్టి, ఉత్తరానికి పోయేకొద్దీ చెడిపోయిందని ఇంకొకరి లెక్క. ఇద్దరికీ మేం అంచు. ఈ లెక్క తప్పు, పైగా అన్యాయం. దీన్ని బడిలోనూ సినిమాలోనూ సర్కారు కాగితాల్లోనూ మోస్తున్న ప్రతివాళ్లతోనూ నాకు తగాదా ఉంది.

ముందు ఆ కాగితాల సంగతి చూద్దాం. 1800లో నిజాం ఈస్టిండియా కుంపిణీకి రాసిచ్చిన దత్తమండలాల్లో మదనపల్లె, వాయల్పాడు వైపు ఉంది కానీ చిత్తూరు లేదు, తిరుపతి లేదు. అవి ఆర్కాటు నవాబు ఏలుబడిలోవి. 1801లో కుంపిణీ చేతికి వచ్చాయి. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్నం. ఆ ఏడు ఏప్రిల్లో ఆర్కాటు తాలూకాలు కొన్ని, కడప తాలూకాలు కొన్ని కలిపి చిత్తూరు జిల్లా చేశారు. దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో పెట్టారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు మద్రాసు రాష్ట్రానికి పోయాయి, చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు వైపు ఊళ్లు ఇటు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. శిస్తు కోసం ఒకసారి, పాలన కోసం ఒకసారి, ఓట్ల కోసం ఒకసారి గీత జరుగుతూనే ఉంది. జరిగిన ప్రతిసారీ ఆ గీత లోపల ఒక సంస్కృతి, బయట ఇంకో సంస్కృతి ఉన్నాయని పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఆ పాఠం అబద్ధం.

1960 గీత ఎలా గీశారో గుర్తు చేసుకోవాలి. మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ పెట్టుకున్న కొలత ఇది: ఊరు ఒక యూనిట్, ఆ ఊళ్లో ఎక్కువమంది ఏ భాషవాళ్లో ఆ ఊరు ఆ రాష్ట్రానిది, ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. పాలనకు ఇంతకన్నా మంచి కొలత దొరకదేమో, ఒప్పుకుంటాను. కానీ నూరు ఇళ్లలో యాభై ఐదు తమిళం మాట్లాడితే మిగతా నలభై ఐదు ఇళ్లు ఏమైనట్టు? అవ్వ తమిళంలో తిట్టి, మనవడు తెలుగులో మారుకు మారు చెప్పే ఇల్లు ఏ పద్దులో పడినట్టు? జనాభా లెక్కల్లో మాతృభాషకు ఉండేది ఒక్క గడి. తెలిసిన ఇతర భాషలు కూడా రాసుకుంటారు గానీ, సరిహద్దు తగాదాల్లో వాటిని అడిగేవాడు లేడు. రెండు భాషలూ సొంతమైన లక్షల మంది ఆ ఒక్క గడి కోసం ఒక నాలుకను దాచుకోవాల్సి వచ్చింది.

అసలు సంస్కృతి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? మా నేల మీద నిలబడి చూడండి. ఎండాకాలం వస్తే మా పల్లెల్లో భారతం పెడతారు. ధర్మరాజుల గుడి ముందు పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడు తపసుమాను ఎక్కడం, మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి కూల్చడం, చివర అగ్నిగుండం. ఇదే భారతం వేలూరు, తిరువణ్ణామలై, సెంజి దాకా తమిళంలో నడుస్తుంది. అదే ఉత్తరానికి, కర్నూలు పల్లెలకు పోతే ఈ రూపంలో ఊరూరా కనబడదు. గంగజాతర చూడండి. తిరుపతిలో మగవాళ్లు ఆడవేషం కట్టి తాతయ్యగుంట గంగమ్మకు మొక్కు తీర్చుకుంటారు. కుప్పంలో గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. సరిహద్దు దాటితే గుడియాత్తంలోనూ అదే తల్లి శిరస్సు ఊరేగుతుంది. రాగిసంగటి మాత్రం ఈ దారిన నడవదు. అది పడమటికి తిరిగి పుంగనూరు, పలమనేరు మీదుగా కన్నడదేశంలోని కోలారుకు, కుప్పం మీదుగా కృష్ణగిరికి పోతుంది. కర్నూలు చేరేసరికి దాని చోట జొన్నరొట్టె ఉంటుంది. కనుమ నాడు చంద్రగిరి పల్లెల్లో ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదిలితే పడుచువాళ్లు వాటి వెంట పడతారు. ఆ ఆటకు తమిళనాట చుట్టాలు ఉన్నారు, కోస్తాలో లేరు.

భారతం ఒక చోట ఆగుతుంది, సంగటి ఒక చోట, ఎద్దుల పండగ ఒక చోట, మాట ఇంకో చోట. ఏ రెండూ ఒకే ఊరి పొలిమేరలో ఆగవు. సంస్కృతికి ఒక్క గీత గీస్తానన్నవాడు, వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని తక్కినవన్నీ చెరిపేస్తున్నాడు. ఆ చెరిపివేతకే "స్వచ్ఛత" అని పేరు పెట్టుకున్నాడు.

తిరుమల కొండ కన్నా పెద్ద సాక్ష్యం ఇంకేం కావాలి? తొల్కాప్పియం పాయిరం తమిళనేలకు ఉత్తరపు హద్దుగా చెప్పింది ఈ వేంగడాన్నే. కొండ మీదా కిందా గుడి గోడలకు చెక్కిన వేయికి పైగా శాసనాల్లో అత్యధికం తమిళంలో ఉన్నాయి, విజయనగర రాజుల కాలానివి సహా. ఆ రాజుల కాలంలోనే, పదిహేనో శతాబ్దంలో, కడప సీమ తాళ్లపాక నుంచి వచ్చిన అన్నమయ్య అదే గుడిలో తెలుగులో వేల కీర్తనలు పాడితే, వాటిని రాగిరేకుల మీదికి ఎక్కించారు. గోడ తమిళం, రేకు తెలుగు. ధనుర్మాసంలో సుప్రభాతం చోట ఆండాళ్ తిరుప్పావై నేటికీ వినిపిస్తుంది. స్వామి దగ్గర ఐదువందల ఏళ్ల కిందట లేని తగాదా మనకెందుకు వచ్చింది? తమిళనాట మా.పొ.శి. నాయకత్వంలో తిరుపతి తమిళులదే అని ఉద్యమం చేశారు. ఇటువైపు తిరుత్తణి పోయిందని నేటికీ గుండెలు బాదుకుంటారు. తిరుత్తణిలో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను రెండు వైపుల నుంచీ లాగుతారు. లాగేవాళ్లలో ఒక్కరైనా ఆ నేల రెండు భాషల్లోనూ బతికిందని గర్వంగా చెప్పారా?

"అయితే నువ్వు రాయలసీమవాడివి కాదా?" అని అడుగుతారు, నాకు తెలుసు. అవును, నేను సీమవాణ్ణే. 1937లో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడికలోని నీళ్ల మాట, న్యాయం మాట నాకూ కావాలి. కరువు మా మిట్టలనూ ఎండబెట్టింది. హక్కుల కోసం కర్నూలుతో, అనంతపురంతో భుజం కలుపుతాను. కానీ రాజకీయపు ఐక్యతను తెచ్చి నా పండగల మీదా నా నోటి మీదా ఒకే ముద్ర కొడతానంటే ఒప్పుకోను. 1999లో "సమరసింహారెడ్డి" వచ్చినప్పటి నుంచి తెలుగు సినిమా సీమంటే కొడవళ్లు, బాంబులు అని దేశానికి నేర్పింది. మధురాంతకం రాజారాం కథల్లోని పల్లె, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన అమ్మలు, గొడ్లు, సేద్యం ఆ తెరకు పట్టలేదు. మా యాస దొంగరవాణా కథకో నవ్వులాటకో తప్ప పనికిరాదని తీర్మానించినవాళ్లు, నామిని గద్యాన్ని ఒక్క పేజీ గొంతెత్తి చదివి ఆ మాట మళ్లీ అనగలరేమో చూడమనండి.

ఈ అబద్ధపు గీతకు మూల్యం కట్టేది పిల్లలు. 2006లో తమిళనాడు చేసిన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసుకుంటూ వచ్చింది. తిరుత్తణి, హోసూరు వైపు తెలుగు పిల్ల ఇంట్లో మాట్లాడే మాటను బడిలో మొదటి భాషగా చదవలేని స్థితికి వచ్చింది. దాన్ని తిట్టే హక్కు మనకు ఎప్పుడు వస్తుంది? నగరిలో, కుప్పంలో, చిత్తూరులో తమిళం మాట్లాడే ఇంటి బిడ్డకు తన భాషలో చదువు అందినప్పుడు వస్తుంది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందించమని 1956 నుంచీ చెబుతోంది. రెండు ప్రభుత్వాలూ అవతలి గట్టు మీద తమ భాష కోసం కన్నీరు పెడతాయి, ఇవతలి గట్టు మీద పక్కవాడి భాషను ఎండగడతాయి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. సరిహద్దుకు రెండు వైపులా బడుల్లో రెండు లిపులూ నేర్పండి. 1997లో మూడు రాష్ట్రాల కూడలిలో, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది ఇలాంటి పనికే. మా భారతాన్ని, మా జాతరను, మా మాటను దానిచేత ఊరూరా రికార్డు చేయించండి. తిరుమల గోడల మీది తమిళ శాసనాలు ఏం చెబుతున్నాయో ఆ గోడల పక్కనే తెలుగులో రాసి పెట్టండి. దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చువేసి తొంభై ఏళ్లు దాటింది, దర్శనానికి వచ్చే తెలుగువాడికి ఇంకా అవి కనబడని రాతలే. ప్రళయకావేరి (పులికాట్) సరస్సు చుట్టూ బతికిన తెలుగును కథల్లోకి ఎక్కించిన స.వెం. రమేశ్ లాంటి వాళ్ల రచనలను పాఠ్యపుస్తకాల్లో పెట్టండి, అదే యాసతో, ఒక్క అక్షరం దిద్దకుండా.

చిత్తూరు, తిరుపతి, తిరుత్తణి, కాళహస్తి, కుప్పం కలిసి ఒక నడిమి దేశం. తెలుగు, తమిళం, కన్నడం ఇక్కడ ఒకదాన్నొకటి చెడగొట్టుకోలేదు, ఒకదాన్నొకటి సాకాయి. ఆ సాకుడును కల్తీ అనేవాడికి తన భాష చరిత్రే తెలియదు. జిల్లాలు మళ్లీ మారుస్తారు, మార్చుకోండి. రాష్ట్రాల గీతలు ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉండనీయండి, వాటితో నాకు పేచీ లేదు. ఆ గీతను పట్టుకొచ్చి మా ఇళ్ల నడుమ, మా నాలుకల నడుమ గీయాలని చూస్తే మాత్రం ఊరుకోం. రెండు భాషల్లోనూ ఎదిరిస్తాం.