బండికి బుర్ర పోయిందట!

"ఈసీఎం పోయింది సార్. కొత్తది వేయించుకోండి, లేదంటే తుక్కుకి ఇచ్చేయండి." మొన్న విజయవాడ ఆటోనగర్‌లో ఒక కుర్రాడు నా పాత కారు బానెట్ సరిగ్గా ఎత్తకుండానే చెప్పిన తీర్పు. ఏ జ్వరమో తేల్చలేని డాక్టరు వైరల్ అన్నట్టు, ఇరవై ఏళ్ల బండి ఏది మొరాయించినా ఇప్పుడు అందరిదీ ఇదే పాట. ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, పోయిందట!

ఎలా తెలిసిందయ్యా అంటే, స్కానర్ కనెక్ట్ కావట్లేదట. బండి తన లోపాలు తానే స్కానర్‌కి చెప్పుకునే ఓబీడీ ఏర్పాటు 2010కి ముందు మన దేశంలో తప్పనిసరే కాదు. వాడి స్కానర్‌కి నా బండి భాష రాకపోతే నా బండి మూగదా? వెనకటి మేస్త్రీలు స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి బేరింగ్ జాతకం చెప్పేవారు. వీళ్లకి ట్యాబ్ వెలగకపోతే చేతులు పడిపోతాయి.

డ్యాష్‌బోర్డు కింద కదలకుండా కూర్చునే డబ్బా ఆ కంప్యూటర్. దానికంటే ముందు చచ్చేవి బోలెడు: రిలే, క్రాంక్ సెన్సర్, ఎలుక కొరికిన వైరు. అన్నిటికంటే ముందు ఎర్తు. ఈ ఎర్తు దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టమనాలి. 0.2 వోల్టు లోపు ఉండాలి. నాది 1.4 చూపించింది! సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ ఎలాగూ పది వోల్టులకి దిగుతుంది. అందులో ఇంత ఎర్తే మింగేస్తే కంప్యూటర్‌కి మిగిలేది దాదాపు ఎనిమిదిన్నర. తూలి పడిపోక ఏం చేస్తుంది? ఎర్తు బోల్టు విప్పితే వాషర్ నిండా పచ్చటి చిలుము.

ఇంకో తమాషా. సెన్సర్లకి వెళ్లే 5 వోల్టుల లైను చాలా బండ్లలో ఒకటే. ఒక్క సెన్సర్ లోపల షార్టయితే మొత్తం పడుకుంటుంది, చెక్ ఇంజన్ లైటు కూడా వెలగకపోవచ్చు. సెన్సర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే పీకుతూ పోతే, ఏది పీకినప్పుడు లైటు వెలిగిందో అదే దొంగ. దీనికి ఖర్చు ఓపిక. అదే లేదు.

కంప్యూటర్ పోనే పోదని నేననను. 1990ల తొలినాటి మిత్సుబిషి కంప్యూటర్లలో కెపాసిటర్లు కారి బోర్డు మీది రాగి గీతల్ని తినేసేవి. మూత తీస్తే చేపల కంపు. మరి మనవాడు మూత తీశాడా? బయట ఏ కాయిల్ అయినా షార్టయి ఉంటే, వాడు పెట్టే కొత్త డబ్బా కూడా కాలుతుంది. అప్పుడేమంటాడు, మళ్లీ ఈసీఎం అంటాడా?

ఎవరి దగ్గరికి పోవాలంటే, చేతిలో మీటరున్న వాడి దగ్గరికి. ఎక్కడుంటాడో వెతుక్కోవాలి మరి.

నేను ఆ ఎర్తు బోల్టు గీకి, కొత్త వాషర్ వేసి బిగించాను. పది రూపాయలకి నాలుగిచ్చారు. మిగతా మూడూ డ్యాష్‌బోర్డు అరలో గలగలమంటున్నాయి.